పందెం ముగిసిన గుర్రానికి మరో జీవితం
రేసులకు వీడ్కోలు పలికిన థరోబ్రెడ్‌ల పెంపకం, స్వారీలో ఆనందం ఎంతో.. బాధ్యతా అంతే

హైదరాబాదు: ఎన్నికలు దగ్గరపడితే చాలు, 'గెలుపు గుర్రాలు' అన్న మాట ఊరూవాడా మారుమోగుతుంది. టిక్కెట్లన్నీ వాటికేనని పార్టీల పెద్దలు ప్రకటిస్తుంటారు. గెలవడం మానేసిన గుర్రం ఏమవుతుందని మాత్రం ఎవరూ అడగరు. రాజకీయాల మాట అటుంచితే, మలక్‌పేట రేసుకోర్సులో ఈ ప్రశ్నకు ఏటా జవాబు వెదకవలసిందే. రేసు గుర్రం రెండేళ్ళ వయసులోనే బరిలోకి వస్తుంది. కాలికి గాయమో, వేగం తగ్గడమో, యజమానికి ఖర్చు భారం కావడమో జరిగి, ఎక్కువ గుర్రాలు ఐదేళ్ళకూ ఎనిమిదేళ్ళకూ మధ్య పందెం నుంచి తప్పుకుంటాయి. సరైన పోషణ ఉంటే గుర్రం పాతికేళ్ళు, కొన్ని సందర్భాల్లో ముప్పై ఏళ్ళు బతుకుతుంది. అంటే ఉద్యోగ విరమణ నాటికి దాని ఆయుష్షులో నాలుగోవంతు మాత్రమే గడిచి ఉంటుంది.

మిగిలిన ఆ ఇరవై ఏళ్ళను ఎవరితో, ఎలా గడుపుతుందన్నదే అసలు సంగతి. రేసు మానిన గుర్రాన్ని తెచ్చుకుని, ఓపికతో మచ్చిక చేసుకుని, స్వారీకి అలవాటు చేసిన వారిని కదిలిస్తే ఆ ముచ్చట్లకు అంతు ఉండదు. హైదరాబాదు శివార్లలో గండిపేట, మొయినాబాద్ వైపు స్వారీ నేర్పే కేంద్రాల్లోనూ, పోలో మైదానాల్లోనూ కనిపించే పొడగరి గుర్రాల్లో పలు గుర్రాలు ఒకప్పుడు ఏదో ఒక రేసుకోర్సులో పరుగెత్తినవే. వాటి వీపుపై కూర్చున్న పిల్లలకు ఆ సంగతి తెలియకపోవచ్చు.

మూడు గుర్రాల వంశం

మన రేసుకోర్సుల్లో పరుగెత్తే జాతి పేరు థరోబ్రెడ్. ఇంగ్లండులో 17వ శతాబ్ది చివర, 18వ శతాబ్ది మొదటి భాగంలో తూర్పు దేశాల నుంచి వచ్చిన మగ గుర్రాలను స్థానిక ఆడ గుర్రాలతో కలిపి ఈ జాతిని రూపొందించారు. నేడు ప్రపంచంలో ఉన్న ప్రతి థరోబ్రెడ్ పితృవంశమూ బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు గుర్రాల్లో ఒకదాని వద్దకే చేరుతుంది. మన దేశంలో పుట్టిన థరోబ్రెడ్‌ల వంశవివరాలను స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా నమోదు చేస్తుంది. మనిషికైనా తాత ముత్తాతల పేర్లు రెండు మూడు తరాలకు మించి గుర్తుండవు. ఈ గుర్రానికి మాత్రం మూడు శతాబ్దాల వంశవృక్షం కాగితంపై ఉంటుంది.

హైదరాబాదుకు ఈ పందేలతో అనుబంధం పాతదే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో మౌలాలి నుంచి రేసులను మలక్‌పేటకు తరలించారు. అశ్వాల పట్ల మక్కువ నగరానికి అలా వారసత్వంగా వచ్చింది. పందెం ముగిసిన గుర్రం పట్ల బాధ్యత మాత్రం అంత తేలికగా అబ్బలేదు.

థరోబ్రెడ్ సాధారణంగా మూపు వద్ద 16 చేతుల ఎత్తు ఉంటుంది. గుర్రాల లెక్కలో ఒక చెయ్యి అంటే నాలుగు అంగుళాలు. అంటే అయిదడుగుల నాలుగు అంగుళాలు. బరువు 450 నుంచి 550 కిలోలు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకునే గుండె, పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు 200 దాటి కొట్టుకుంటుంది. గంటకు 60 కిలోమీటర్లు మించిన వేగం దీనికి సాధ్యం. సన్నని చర్మం, పొడవైన కాళ్ళు, ఎప్పుడూ కదులుతూ ఉండే చెవులు. ఇంతటి యంత్రాంగాన్ని సృష్టించింది కేవలం రెండు నిమిషాల పరుగు కోసమే. ఆ పరుగు ఇక అక్కరలేదన్నప్పుడు దానికి వేరే పని నేర్పాలి.

పగ్గం లాగితే ఆగదు.. పరుగు పెంచుతుంది

రేసు గుర్రాన్ని కొత్తగా కొన్నవారు మొదటి రోజే ఎదుర్కొనే వింత ఇది. మామూలు స్వారీ గుర్రం పగ్గాలు బిగిస్తే నెమ్మదిస్తుంది. రేసు గుర్రానికి నేర్పింది ఇందుకు భిన్నం. పరుగులో జాకీ పగ్గాలను బిగించి పట్టుకుంటాడు. గుర్రం ఆ పట్టుకు ఆనుకుని, దాని ఆసరాతో వేగం పెంచుతుంది. కాబట్టి భయపడిన కొత్త రౌతు బలం కొద్దీ వెనక్కు లాగితే, పాపం గుర్రం దాన్ని ఆజ్ఞగా భావించి మరింత ముందుకు దూకుతుంది. రౌతు ఇంకా గట్టిగా లాగుతాడు. గుర్రం ఇంకా వేగంగా వెళుతుంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఒకరి భాష మరొకరికి తెలియకపోవడమే చిక్కు.

ఇంకొక సంగతి. జాకీ రికాబులు బాగా పొట్టిగా ఉంటాయి. అతడు జీనుపై కూర్చోడు, మోకాళ్ళు ముడిచి గుర్రం మెడ మీదికి వంగి ఉంటాడు. అతడి కాళ్ళు గుర్రం డొక్కలను తాకడం అరుదు. అటువంటి గుర్రంపై మనం నిండుగా కూర్చుని, పొడవాటి కాళ్ళతో డొక్కలను అదిమితే అది ఉలిక్కిపడడంలో వింతేముంది? అలాగే రేసు గుర్రంపైకి జాకీని సైసు కాలు పట్టి పైకి ఎత్తుతాడు. చాలాసార్లు గుర్రం నడుస్తూ ఉండగానే ఇది జరిగిపోతుంది. మనం రికాబులో కాలు పెట్టి ఎక్కేవరకు కదలకుండా నిలబడడమన్నది దానికి ఎవరూ నేర్పని విద్య. కొత్త యజమాని దీన్ని మొండితనమని భ్రమపడతాడు.

ఒంటరితనం మరో సమస్య. రేసు శిక్షణలో ఉన్న గుర్రం రోజులో 22, 23 గంటలు తన గదిలోనే గడుపుతుంది. మిగిలిన గంటో రెండు గంటలో వ్యాయామం. మంద జీవి అయిన గుర్రానికి ఇది సహజమైన బతుకు కాదు. ఆరుబయట ఆవరణలో తొలిసారి వదిలిన రోజున కొన్ని గుర్రాలు పిచ్చెత్తినట్లు పరుగులు తీస్తాయి, కొన్ని గేటు దగ్గరే నిలబడి లోపలికి తీసుకువెళ్ళమన్నట్లు చూస్తాయి. అందుకే తెచ్చిన వెంటనే జీను వేయడం తగదని అనుభవజ్ఞులు చెబుతారు. మొదట కొన్ని వారాలు, అవసరమైతే కొన్ని నెలలు విశ్రాంతి ఇవ్వాలి. పక్కన నెమ్మదస్తురాలైన ముసలి గుర్రం ఒకటి ఉంటే మేలు. శిక్షకుడు చెప్పలేని పాఠాలు అది చెబుతుంది.

తరువాత చేత పట్టుకుని నడిపించడం, ఆపైన పొడవాటి పగ్గంతో గుండ్రంగా తిప్పడం, అనంతరం జీను వేసి నిలబెట్టడం, చివరగా నడక. రేసులో ఒకే దిక్కుగా మలుపులు తిరిగిన గుర్రానికి ఒక పక్క కండరాలు బలంగా, రెండో పక్క బిగుసుకుని ఉంటాయి. రెండు వైపులా సమంగా వంగడం నేర్పాలి. దుముకు నడకలో నిలకడ రావాలి. ఈ పనికి ఆరునెలలు పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు. తొందరపడిన చోటే ప్రమాదాలు జరుగుతాయి.

అలాగని ఈ గుర్రాలకు ఏమీ తెలియదనుకోవడం పొరపాటు. పిన్న వయసు నుంచే మనుషుల చేతుల్లో పెరిగినవి కనుక కాళ్ళు కడిగినా, లాడాలు మార్చినా, వైద్యుడు సూది వేసినా, వాహనంలోకి ఎక్కించినా చాలావరకు బుద్ధిగా నిలబడతాయి. జనసందడి, మైకుల హోరు, రంగురంగుల గుడ్డలు వాటికి కొత్త కాదు. ఊళ్ళో పెరిగిన గుర్రం ప్లాస్టిక్ సంచి ఎగిరితే బెదురుతుంది. రేసు గుర్రం దాన్ని చూసి ఊరుకోవచ్చు. కాని పక్కనుంచి మరో గుర్రం వేగంగా దాటిపోతే మాత్రం దాని రక్తం ఉడుకుతుంది. పాత వాసనలు అంత త్వరగా పోవు.

అసలు ఆనందం ఎక్కడ?

ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఒకసారి ఆ గుర్రం నమ్మిన తరువాత ఎక్కి చూసినవారు ఆ ప్రశ్న వేయరు. థరోబ్రెడ్ నడకే వేరు. కాళ్ళు పొడవు కనుక అడుగు బారుగా పడుతుంది. క్యాంటర్ అనే మధ్యస్థ వేగంలో వీపు ఉయ్యాలలా ఊగుతుంది. చిన్న గుర్రంపై వెన్ను అదిరే దారిలోనే దీనిపై వెళితే కుదుపు తెలియదు. తెల్లవారుజామున చెరువు గట్టు వెంబడో, పంట కోసిన చేల మధ్యనో వెళుతున్నప్పుడు గుర్రం మెడ మెల్లగా కిందికి దించి, ముక్కుతో బుసబుస శబ్దం చేస్తూ గాలి వదులుతుంది. అది భయం తీరిన గుర్తు. పందెం గదిలో ఏనాడూ అలా ఊపిరి వదిలి ఉండదు.

మరో ఆనందం దాని సూక్ష్మ గ్రహణం. వాలిన ఈగను విదిలించడానికి చర్మాన్ని మాత్రమే వణికించగల జంతువు ఇది. రౌతు నడుము కొంచెం తిప్పితే దానికి తెలుస్తుంది, ఊపిరి బిగబట్టినా తెలుస్తుంది. మొదట్లో ఇదే ఇబ్బంది. రౌతు భయం గుర్రానికి క్షణంలో పాకుతుంది. రౌతు నేర్చిన కొద్దీ ఇదే వరమవుతుంది. గట్టిగా లాగనక్కరలేదు, అదిలించనక్కరలేదు. ఒక చెవి ముందున్న దారి వైపు, మరో చెవి వెనుకనున్న మనిషి వైపు తిప్పి నడిచే గుర్రాన్ని చూస్తే, అది మన మాట వింటున్నదని అర్థమవుతుంది. అటువంటి గుర్రం దగ్గర కోపం పనికిరాదు. నిత్యం చిరాకుపడే మనిషి ఇంటిల్లిపాదినీ భయపెట్టగలడేమో గాని, ఈ గుర్రం వద్ద ఆ పప్పులు ఉడకవు.

మార్పును కళ్ళారా చూడడం అన్నిటికన్నా గొప్పది. వచ్చిన కొత్తలో పక్కటెముకలు కనబడుతూ, తలుపుపై పళ్ళతో కొరుకుతూ, గదిలో అటూఇటూ ఊగుతూ ఉన్న గుర్రం ఒకనాడు ఆవరణలో ఇసుకపై వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తూ పొర్లుతుంది. శత్రుభయం ఉన్న గుర్రం అలా పొర్లదు. మరికొన్నాళ్ళకు యజమాని బండి చప్పుడు వినగానే సకిలిస్తుంది. చేతిలో క్యారెట్ ఉందన్న ఆశ కొంత, స్నేహం కొంత. ఏది ఎంతపాలో తేల్చడం కష్టం, తేల్చనవసరమూ లేదు.

పందెంలో ఓడిన గుర్రం పనికిరానిదన్న అపోహకు 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ గట్టి జవాబు చెప్పాయి. టచ్ ఆఫ్ క్లాస్ అనే ఆడ గుర్రం రేసుల్లో రాణించలేక బయటకు వచ్చింది. దూకే పోటీలకు శిక్షణ పొందిన తరువాత అమెరికా రౌతు జో ఫార్గిస్‌ను వ్యక్తిగత, జట్టు విభాగాలు రెండింటా స్వర్ణ పతకాలకు మోసుకువెళ్ళింది. ఆ క్రీడల్లో ఎదురైన 91 అడ్డంకుల్లో 90 తాకకుండా దాటింది. దాని కాళ్ళలో దూకే విద్య దాగి ఉందని, చదును నేలపై పరుగెత్తించినంత కాలం ఎవరికీ తెలియలేదు.

పళ్ళు లెక్కపెట్టాల్సిందే

దానంగా వచ్చిన ఆవు పళ్ళు ఎంచరాదని సామెత. రేసు మానిన గుర్రం విషయంలో మాత్రం ఎంచి తీరాలి. ఐదేళ్ళకు గుర్రానికి పాలపళ్ళన్నీ పోయి ముందుపళ్ళు స్థిరపడతాయి. వయసు తెలుసుకోవడానికి అది తొలి గుర్తు. పళ్ళకన్నా ముఖ్యం కాళ్ళు. ముందు కాలు మోకాలి కింద వెనుకవైపు స్నాయువు చేతికి వేడిగా తగిలినా, విల్లులా ఉబ్బి కనిపించినా పాత గాయం ఉన్నట్లే. అటువంటి గుర్రం నెమ్మది స్వారీకి పనికిరావచ్చు, దూకే పోటీలకు పనికిరాదు. పశువైద్యునితో ఎక్స్‌రే, స్కానింగ్ చేయించకుండా కొనడం తగదు. గుర్రాల నుంచి మనుషులకూ సోకగల గ్లాండర్స్ వ్యాధికి రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించాలి. ఎందుకు రేసు మాన్పించారన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే, ధర ఎంత తక్కువైనా వెనుదిరగడం మంచిది.

'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేద'ని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇటువంటి గుర్రం చవకగా, ఒక్కోసారి ఉచితంగానే దొరుకుతుంది. ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది. 500 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 10 కిలోల మేత కావాలి. అందులో అధికభాగం ఎండుగడ్డి, పచ్చగడ్డి, లూసర్న్ వంటివే ఉండాలి. తాగునీరు రోజుకు 25 నుంచి 45 లీటర్లు, ఎండాకాలంలో అంతకు మించి. నాల్‌బందు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వచ్చి గిట్టలు చెక్కి లాడాలు వేయాలి. థరోబ్రెడ్ గిట్టలు పలుచన. మన దక్కను నేలపై రాళ్ళెక్కువ. లాడం లేకుండా నడిపిస్తే కుంటుతుంది. ధనుర్వాతం టీకా, నులిపురుగుల మందు, ఏటా పళ్ళ అరుగుదల సరిచేయించడం, సైసు జీతం వీటికి అదనం.

దాణా మార్పు మరింత జాగ్రత్తగా చేయవలసిన పని. రేసుల కాలంలో ఓట్లు, శనగలు వంటి బలమైన దాణా దండిగా పెడతారు. పని తగ్గినా అదే దాణా కొనసాగిస్తే గుర్రం ఒంట్లో నిప్పు రాజేసినట్లే. అలాగని ఒక్కరోజులో మార్చినా ప్రమాదమే. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో తేడా వస్తే శూల పుట్టి గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. పది, పదిహేను రోజులపాటు దాణా తగ్గిస్తూ గడ్డి పెంచుతూ పోవాలి. శిక్షణలో ఉన్న రేసు గుర్రాల్లో అత్యధిక భాగానికి కడుపులో పుండ్లు ఉంటాయన్నది పశువైద్య శాస్త్రం ఎప్పుడో తేల్చిన విషయం. గుర్రం కడుపులో ఆమ్లం ఎడతెగకుండా ఊరుతుంది. మేత నిత్యం అందుబాటులో లేకపోతే ఆ ఆమ్లం కడుపునే తింటుంది. జీను బిగించబోతే కరవవచ్చే గుర్రాన్ని కొట్టే ముందు కడుపు పరీక్ష చేయించాలి. సగం 'పొగరు' మందుతో తగ్గిపోతుంది.

స్వారీ అసలే రానివారు తొలి గుర్రంగా దీన్ని కొనరాదు. పిల్లవాడి పుట్టినరోజు కానుకగా అసలే కొనరాదు. ముందు ఒకటి రెండేళ్ళు స్వారీ కేంద్రంలో నేర్చుకుని, పడి లేచి, గుర్రపుశాల పేడ ఎత్తడం కూడా అలవాటయ్యాక ఆలోచించవచ్చు. సొంత స్థలం లేనివారు కేంద్రంలోనే గుర్రాన్ని ఉంచి పోషణ ఖర్చు చెల్లించే పద్ధతి ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గుర్రాన్ని పోషించడమూ మేలే. అయితే ఎవరి వంతు ఎంతో ముందే కాగితంపై రాసుకోవడం స్నేహానికి క్షేమం.

దిక్కులేని గుర్రాల మాట

మంచి ఇల్లు దొరికిన గుర్రాల కథ ఇది. దొరకనివి చేతులు మారుతూ పోతాయి. ఒక చేతి నుంచి మరో చేతికి పోయిన కొద్దీ పేరు, వంశం, కాగితాలు జారిపోతాయి. పెళ్ళి ఊరేగింపులో బాణసంచా, బ్యాండు మేళాల నడుమ గంటల తరబడి నిలబడే గుర్రాల్లో ఇవీ కనిపిస్తుంటాయి. ఉలికిపాటు స్వభావమున్న జంతువును అటువంటి పనికి వాడడం వరుడికీ క్షేమం కాదు. 2025లో హైదరాబాదు నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్పూరుకు తరలించిన 57 గుర్రాల్లో పలు గుర్రాలు మరణించిన ఉదంతం అందరికీ గుర్తుండే ఉంటుంది. నడివేసవిలో వందల కిలోమీటర్లు ప్రయాణించి వెళ్ళిన ఆ గుర్రాల వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. పరుగు ముగిసిన జంతువు ఆచూకీ ఎవరి లెక్కలో ఉండాలన్న ప్రశ్నను అది మన ముంగిట నిలిపింది.

బ్రిటన్‌లో రేసు పరిశ్రమే పూనుకుని 2000లో 'రీట్రైనింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్' అనే స్వచ్ఛంద సంస్థను నెలకొల్పింది. పందెం మానిన గుర్రాలకు కొత్త శిక్షణ ఇప్పించడం, వాటికి ప్రత్యేకంగా పోటీలు నిర్వహించడం దాని పని. అమెరికాలో 2012లో ఏర్పడిన థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ ఇటువంటి గుర్రాలను చేరదీసే కేంద్రాలను తనిఖీ చేసి, గుర్తింపునిచ్చి, నిధులు అందిస్తోంది. మన దగ్గరా పందెం సొమ్ములో చిన్న భాగాన్ని ఈ పనికి విడిగా ఉంచడం అసాధ్యమేమీ కాదు. గుర్రం గెలిచినప్పుడు యజమాని, శిక్షకుడు, జాకీ వాటాలు పంచుకుంటారు. పరుగెత్తిన గుర్రానికీ ఒక వాటా ఉండాలని కోరడం అత్యాశ అనిపించుకోదు.

గుర్రాన్ని తెచ్చుకోదలచినవారు తేవడానికి వర్షాకాలం చివరి రోజులు ఎంచుకుంటే మంచిది. ఎండ తగ్గి, పచ్చగడ్డి దొరికే కాలమది. తెచ్చిన మొదటి రాత్రి గదిలో దీపం ఒకటి వెలిగించి ఉంచి, పాత సైసును ఒక వారమైనా వెంట ఉండమని ఒప్పించగలిగితే సగం పని పూర్తయినట్లే. గుర్రానికి కొత్త ఇంట్లో తెలిసిన గొంతు అతడొక్కడిదే.